సేవ, సర్టిఫికెట్టు, వ్యక్తిత్వము

వ్యక్తిత్వ వికాసమనే మాట ఈ మధ్య మన విద్యార్థుల నోట తరచుగా వినవస్తున్నది. ద్వారకానగర్ వీధులలో నడిచే వారికి ఆ మాట ప్రతి మేడ మీద బోర్డు రూపంలో దర్శనమిస్తుంది. మూడు రోజుల శిక్షణ, వారం రోజుల శిక్షణ, ఇంటర్వ్యూలో కూర్చొనే విధానం, కరచాలనం చేసే విధానం, నలుగురిలో ఇంగ్లీషు తడబడకుండా మాట్లాడే విధానం - ఇవన్నీ రుసుము చెల్లించిన వారికి నేర్పబడతాయి. వీటిని మేము తృణీకరించడం లేదు. ఓడరేవులోనో, ఉక్కు కర్మాగారంలోనో, మరేదైనా కార్యాలయంలోనో కొలువు కోరే యువకునికి ఇంటర్వ్యూలో కూర్చొనే విధానం కూడ తెలియవలసినదే. అయితే అది మూడు రోజులలో నేర్వదగిన విద్య. వ్యక్తిత్వమని పెద్దలు దేనిని అన్నారో అది మూడు రోజులలో వచ్చేది కాదు.

ఈ మాటకు తోడుగా మన కళాశాలలలో మరొక మాట చేరింది. అది సేవ. సేవ చేస్తే వ్యక్తిత్వం వికసిస్తుందని వేదికల మీద చెబుతున్నాము. విద్యార్థి ఈ వాక్యాన్ని తన పద్ధతిలో అర్థం చేసికొన్నాడు. సేవ చేస్తే సర్టిఫికెట్టు వస్తుంది, సర్టిఫికెట్టు ఉంటే ఇంటర్వ్యూలో వ్యక్తిత్వం ఉన్నట్లు కనబడుతుంది. అతని తర్కంలో దోషం వెదకడం సులభం. కాని ఆ తర్కాన్ని అతనికి నేర్పినది మనమే గదా! ఏ సేవా కార్యక్రమం జరిగినా మనం ముందుగా బ్యానరు తయారు చేయిస్తాము, తరువాత ఫొటోగ్రాఫరును పిలుస్తాము, ఆ పిమ్మట చీపుళ్ళు కొంటాము.

స్వచ్ఛందము అంటే తన ఇచ్ఛ చొప్పున చేసేది. ఎవరి ఆజ్ఞా లేకుండా, ఏ ప్రతిఫలమూ ఆశించకుండా చేసేది. ఈ మాటకు సమానమైన వాలంటీర్ అనే మాటకు మన రాష్ట్రంలో అర్థం కొంత మారింది. 2019 ఆగస్టు 15 నుండి గ్రామాలలోను, పట్టణ వార్డులలోను సుమారు 50 ఇళ్ళకు ఒకరు చొప్పున నియమింపబడి, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం పొందిన వారిని ప్రజలు వాలంటీర్లు అన్నారు. 2024 తరువాత ఆ వ్యవస్థ కొనసాగలేదు గాని, మాట అర్థం మాత్రం ప్రజల నోట అట్లే నిలిచిపోయింది. ఉర్దూలో దీనికి సరియైన మాట రజాకార్. రజా అనగా సమ్మతి. తన సమ్మతితో పని చేసేవాడు రజాకార్. ఎంత చక్కని మాట! కాని 1947, 48 సంవత్సరాలలో హైదరాబాదు సంస్థానంలో ఖాసిం రజ్వీ నాయకత్వాన ఆ పేరు ధరించిన దళాలు సాగించిన అత్యాచారాల వల్ల తెలుగు నేల మీద ఆ మాట పసిపిల్లలను భయపెట్టే మాటగా మిగిలింది. రెండు భాషల విద్యార్థులు చదివే ఈ సంచికలో ఆ సంగతి దాచుకొనవలసిన అవసరం లేదు. ఇచ్ఛ ఒక్కటే చాలదు. ఆ ఇచ్ఛ ఎవరి మేలు కోరుతున్నదో కూడ అడుగవలసి ఉంటుందని ఆ మాట చరిత్ర మనకు చెబుతున్నది.

విద్యార్థుల సేవ ఐచ్ఛికంగా ఉండాలా, నిర్బంధంగా ఉండాలా అన్న చర్చ మన దేశంలో కొత్తది కాదు. దానికి మన వాల్తేరుతో ఒక సంబంధం కూడ ఉన్నది. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు స్వాతంత్ర్యానంతరం 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి అధ్యక్షత వహించారు. విద్యాసంస్థలలో జాతీయ సేవను ప్రవేశపెట్టాలని, అది విద్యార్థుల ఇష్టానుసారంగా ఉండాలని ఆ సంఘం సూచించింది. పది సంవత్సరాల తరువాత, 1959లో, చింతామణి దేశ్‌ముఖ్ గారి అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఇందుకు భిన్నమైన మార్గం చూపింది. ఉన్నత పాఠశాల చదువు ముగించి కళాశాలలో చేరగోరే ప్రతి విద్యార్థి తొమ్మిది మాసాల నుండి ఒక సంవత్సరం వరకు తప్పనిసరిగా దేశసేవ చేయాలన్నది ఆ సంఘం అభిప్రాయం. అందుకు కావలసిన ధనం ఎక్కడనుండి తేవాలన్న ప్రశ్న వద్ద ఆ ఆలోచన నిలిచిపోయింది.

అప్పుడు ఈ పని ఖ్వాజా గులాముస్సయ్యదైన్ గారికి అప్పగించబడింది. వీరు మహాకవి హాలీ కుటుంబానికి చెందినవారు, విద్యావేత్త, వీరి ఉర్దూ గ్రంథం 'ఆంధీ మే చిరాగ్' 1963లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందింది. మన ఉర్దూ శాఖ విద్యార్థులు వీరిని వచన రచయితగా ఎరుగుదురు. విద్యార్థి సేవా చరిత్రలో వీరి స్థానం అంతగా ప్రచారంలో లేదు. ఇతర దేశాలలో యువకుల సేవా పథకాలు ఏ రీతిని నడుస్తున్నవో పరిశీలించి, మన దేశంలో ఇట్టి సేవ స్వచ్ఛందంగానే ఉండాలని వీరు నివేదించారు. తరువాత కొఠారీ సంఘం కూడ సేవకు విద్యలో స్థానం ఉండాలన్నది. ఈ ఆలోచనలన్నిటి ఫలితంగా గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, నాటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు గారు జాతీయ సేవా పథకాన్ని 37 విశ్వవిద్యాలయాలలో ప్రారంభించారు. మొదటి సంవత్సరం అందులో చేరిన విద్యార్థులు 40,000 మంది. ఎన్.ఎస్.ఎస్. అని మనం వ్యవహరించే పథకం అదే. కోణార్క సూర్యదేవాలయ రథచక్రం దాని చిహ్నం. చక్రంలోని ఎనిమిది ఆకులు రోజులోని ఎనిమిది జాములకు, అనగా 24 గంటలకు గుర్తు. చిహ్నం అంత కోరినా నియమావళి మాత్రం సంవత్సరానికి 120 గంటలు, రెండు సంవత్సరాలకు 240 గంటలు మాత్రమే అడుగుతున్నది. కళాశాల నడిచే వారాలు నలభై అనుకొంటే వారానికి మూడు గంటలు. సినిమాకు పోయి వచ్చేంత కాలం.

సయ్యదైన్ గారు గెలిచారని మనం అనుకొన్నాము. కాని అర్ధ శతాబ్దం గడిచిన తరువాత మన రాష్ట్రంలో దేశ్‌ముఖ్ గారి పక్షం మరల లేచి నిలబడింది. 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళికను సవరించినప్పుడు, మొదటి సంవత్సరం ముగిసిన వెంటనే వేసవిలో ప్రతి విద్యార్థి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలని నిర్ణయించారు. 180 గంటలు, 4 క్రెడిట్లు, ఒక లాగ్ పుస్తకం, చివర ఒక నివేదిక. ఉద్దేశం మంచిదే. కళాశాల గోడకు ఆవల నివసించే ప్రజలను చూడకుండానే పట్టభద్రుడు కావడం కంటె ఈ నియమం ద్వారానైనా చూడడం మేలు. ఎన్.ఎస్.ఎస్.లో నూరుమందికి మాత్రమే దొరికే అవకాశం దీనివలన అందరికీ దొరికింది.

ఆచరణలో ఏమి జరుగుతున్నదో కూడ చెప్పవలసి ఉన్నది. వన్ టౌన్‌లోని ఒక వీధిలో ఇంటింటికీ తిరిగి సర్వే చేసినట్లు వ్రాసిన ఒక నివేదిక మా చేతికి వచ్చింది. అందులో పశువుల సంఖ్యకు ఒక పట్టిక, సాగునీటి వసతికి ఒక పట్టిక ఉన్నవి! ఓడరేవు బొగ్గు ధూళి ఇంట్లోకి రాకుండ కిటికీలు మూసికొని బ్రతికే ఆ వీధిలో ఎకరాలు, ఎడ్లు ఎక్కడివి? జిరాక్సు దుకాణంలో ఏదో గ్రామం గురించి వ్రాసిన నివేదిక అమ్మకానికి దొరికింది. వీధి పేరు మాత్రం మార్చబడింది. అతడు దుష్టుడేమీ కాడు. వేసవి రెండు మాసాలు పూర్ణా మార్కెట్టులో ఒక దుకాణంలో పని చేసి వచ్చే సంవత్సరపు ఫీజు సంపాదించుకొన్నాడు. అతని తండ్రికి పని లేదు. ఇంటి భారం మోస్తున్న వానిని సమాజ సేవ చేసినట్లు రుజువు చూపమని అడిగాము. అతడు కాగితం చూపించాడు. ఇందులో అతడు నేర్చుకొన్నది ఒక్కటే - కాగితం చూపితే చాలునని. వ్యక్తిత్వ వికాసానికి ఇంతకంటె హాని చేసే పాఠం మరొకటి మాకు తోచడం లేదు.

నిర్బంధాన్ని తీసివేయడం మన చేతిలో లేదు. పైనుండి వచ్చిన నియమాన్ని ఏ రీతిని అమలు జరపాలన్నది మాత్రం చాలవరకు మన చేతిలోనే ఉన్నది. ఆ మాట చివర చెబుతాము.

మన విశాఖ యువకులకు సేవాభావం లేదని ఎవరైనా అంటే మేము అంగీకరించము. ఈ నగరంలో ఉక్కు కర్మాగారం నిలబడడానికి విద్యార్థులు ఎంతటి మూల్యం చెల్లించారో పెద్దలు ఎరుగుదురు. 1966 అక్టోబరులో అమృతరావు గారు ఇక్కడ నిరాహారదీక్ష పూనినప్పుడు తరగతి గదులు ఖాళీ అయినవి. నవంబరు 1న ఈ నగరంలోనే పోలీసు కాల్పులు జరిగినవి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ గారు శంకుస్థాపన చేసినది ఆ త్యాగం తరువాతనే. ఉద్యమం వేరు, సేవ వేరు, నిజమే. కాని పిలుపు వినబడితే ఇక్కడి యువకుడు ఇంట్లో కూర్చొనడని చెప్పడానికి ఆ సంఘటన చాలును.

2014 అక్టోబరు 12న వచ్చిన తుపానును తీసికొనండి. దానికి ఒమన్ దేశం పెట్టిన పేరు హుద్‌హుద్. అరబ్బీ, ఉర్దూ భాషలలో అది తలపై కుచ్చు గల ఒక సుందరమైన పక్షి పేరు, సులైమాన్ ప్రవక్తకు వార్త మోసుకొచ్చిన పక్షి పేరు. అంతటి ముచ్చటైన పేరుతో వచ్చి అది నగరంలోని చెట్లనన్నిటిని పెరికివేసింది. రోజుల తరబడి దీపం లేదు, కుళాయిలో నీరు లేదు, ఫోను మ్రోగలేదు. ఆ రోజులలో ఎవరి పిలుపూ లేకుండానే విద్యార్థులు రంపాలు, గొడ్డళ్ళు, త్రాళ్ళు పట్టుకొని రోడ్లకు అడ్డముగా పడిన వృక్షాలను తొలగించారు. మేడలెక్కి వృద్ధులకు నీరు మోశారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో రసాయన కర్మాగారం నుండి స్టైరిన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించినప్పుడు, రోడ్డు మీద సొమ్మసిల్లి పడిన వారిని చేతుల మీద మోసి వాహనాలకు చేర్చిన వారిలో చుట్టుప్రక్కల యువకులున్నారు. వారిలో ఎవరూ హాజరు పట్టీలో సంతకం చేయలేదు.

కనుక లోపం మరొక చోట ఉన్నది. ఉప్పెన వచ్చిన ఆదివారం నాడు లేచి పరుగెత్తేవాడు ఏమీ జరగని మంగళవారం నాడు లేవడం లేదు. విపత్తులో చేసే సేవకు ఆ క్షణపు ఉద్వేగమే బలం. పదిమంది కలసి పరుగెత్తుతుంటే పదునొకండవ వాని కాళ్ళు తమంతట తామే కదులుతాయి. అది గొప్ప విషయమే, కాని ఆ నాలుగు రోజులు గడచిన తరువాత మనిషి తన పూర్వస్థితికి చేరుతాడు. ఏ ఉద్వేగమూ లేని వేళ, ఎవ్వరూ చూడని చోట, ఒకే మనిషి కోసం ఒకే పనిని ఆరు మాసాలు చేయడంలోనే స్వభావం మారుతుంది. వ్యక్తిత్వం అక్కడ తయారవుతుందని మా విశ్వాసం.

రక్తదానాన్నే ఉదాహరణగా తీసికొందాము. మన కళాశాలలలో సంవత్సరానికి ఒకమారు, ఎవరో ఒక ప్రముఖుని జన్మదినాన, శిబిరం పెడతారు. ఒక్కరోజున నూరుమంది రక్తమిస్తారు. మరునాడు పత్రికలో ఫొటో వస్తుంది. కాని రక్తం ఇనుప పెట్టెలో దాచుకొనే బంగారం కాదు. దాని నుండి వేరుచేసిన ఎర్రకణాలను చల్లని పెట్టెలో ఉంచినా ఐదారు వారాలకు మించి నిలువవు. ప్లేట్‌లెట్లు ఐదు రోజులే నిలుస్తాయి. ఒక వారం మిగులు, తక్కిన సంవత్సరమంతా కొరత! ఆరోగ్యవంతుడైన పురుషుడు మూడు నెలలకొకమారు, స్త్రీ నాలుగు నెలలకొకమారు రక్తం ఇవ్వవచ్చును. నూరుమందిని నాలుగు జట్లుగా విభజించి మూడు నెలలకొక జట్టును పంపితే, అదే నూరుమంది రక్తం మరింత మంది ప్రాణాలకు అక్కరకు వస్తుంది. ఇందులో ఫొటోకు అవకాశం తక్కువ. జట్టు పేరు జ్ఞాపకం పెట్టుకొని, తన వంతు తేదీని తానే గుర్తుంచుకొని, పరీక్షల నడుమ కూడ బ్లడ్ బ్యాంకుకు పోయి వచ్చే విద్యార్థికి మాట నిలుపుకొనే అలవాటు అబ్బుతుంది. ఆ అలవాటును ఏ శిక్షణా కేంద్రమూ నేర్పదు.

మా తరగతిలో చదివిన ఒక విద్యార్థినిని గురించి చెబుతాము. ఇంట్లో ఉర్దూ తప్ప మరొక మాట లేదు. తెలుగులో ప్రశ్న అడిగితే తల వంచుకొనేది. ప్రాజెక్టులో భాగంగా ఆమెకు ఓడరేవు ప్రక్క వీధిలోని కొన్ని ఇళ్ళు అప్పగించబడినవి. అందులో ఒక ఇంట చేపలు అమ్ముకొని బ్రతికిన ముసలమ్మ ఒంటరిగా ఉన్నది. ఆమెకు షుగరు, రక్తపోటు రెండూ ఉన్నవి. చదువు రాదు. మందుబిళ్ళల అట్టలు రెండూ ఒకే రంగులో ఉండడం చేత ఉదయం వేసికొనవలసినవి రాత్రి, రాత్రివి ఉదయం వేసికొంటున్నది. మన విద్యార్థిని వారానికొకమారు పోయి రెండు డబ్బాలలో బిళ్ళలు సర్ది, ఒక డబ్బా మీద సూర్యుని, రెండవ దాని మీద చంద్రుని బొమ్మ గీసి ఇచ్చింది. ఇంత చిన్న పని. ప్రాజెక్టు గంటలు పూర్తి అయినవి, నివేదిక ఇచ్చింది, మార్కులు వచ్చినవి. చివరి రోజున ముసలమ్మ అన్నదట: "వచ్చీవారం రాకపోతే ముందుగా సెప్పమ్మా, నాను ఎదురు సూస్తుంటాను."

ఆ మాట విన్న తరువాత ఆ అమ్మాయి మానలేకపోయింది. డిగ్రీ ముగిసే వరకు పోతూనే ఉన్నది. పింఛను ఆగిపోయినప్పుడు వార్డు సచివాలయానికి తోడుగా పోయి, తెలుగులో అర్జీ వ్రాసి, ఉద్యోగి ఎదుట నిలబడి కారణం అడిగింది. తరగతిలో తల వంచుకొనే పిల్లయేనా ఈమె అని ఆశ్చర్యపోయాము. ఆమె తన వ్యక్తిత్వాన్ని వికసింపజేసికొందామని ఆ ఇంటికి పోలేదు. తన కోసం ఒక మనిషి ఎదురు చూస్తున్నదని తెలిసినందువల్ల పోయింది. మిగిలినది దానంతట అదే జరిగింది.

రెండు భాషలు తెలిసిన విద్యార్థులు ఉండడం మన కళాశాలకు ప్రత్యేకమైన భాగ్యం. దీనిని మనం సేవలో వినియోగించుకొనడం లేదు. 1923లో ప్రారంభమైన కింగ్ జార్జి ఆసుపత్రికి ఉత్తరాంధ్ర జిల్లాలన్నిటి నుండి, పొరుగున ఉన్న ఒడిశా నుండి రోగులు వస్తారు. పాడేరు, అరకు కొండల నుండి వచ్చిన గిరిజనుడు చీటీ చేతబట్టుకొని ఏ వార్డు ఎక్కడ ఉన్నదో తెలియక మెట్ల మీద కూర్చొని ఉండడం ఎవరికైనా కనబడే దృశ్యం. పరిశ్రమలలో పని కోసం ఉత్తరాది నుండి వచ్చిన కూలీకి తెలుగు రాదు. అతని హిందీ చీటీలిచ్చే కిటికీ దగ్గరి వారికి అర్థం కాదు. ఉర్దూ తెలిసిన మన విద్యార్థికి అతని మాట అర్థమవుతుంది, తెలుగు తెలిసినందున వారికి చెప్పగలడు. ఆసుపత్రి అధికారుల అనుమతితో ఉదయం రెండు గంటలు నలుగురు విద్యార్థులు అక్కడ నిలబడి దారి చూపి, మాట విడమరచి చెబితే చాలు. దీనికి ధనం అక్కరలేదు. ఓపిక మాత్రం చాలా కావాలి, రోజూ కావాలి.

ఆడపిల్లల విషయం కూడ కార్యవర్గ పెద్దలు ఆలోచించవలసి ఉన్నది. ఏడు రోజుల ప్రత్యేక శిబిరానికి రాత్రులు బయట ఉండడానికి మన ఇళ్ళలో చాలామంది తల్లిదండ్రులు సమ్మతించరు. వారితో వాదించి ప్రయోజనం లేదు. వారి భయాలు అన్నీ నిరాధారమైనవని కూడ మేము అనము. ఫలితం మాత్రం ఏమిటి? శిబిరంలో మగపిల్లలు కాలువలు త్రవ్వుతారు, చెట్లు నాటుతారు. ముగింపు సభలో ఆడపిల్లలు పన్నీరు చల్లి, పూలగుచ్ఛాలు అందిస్తారు. ఇది సేవ కాదు, అలంకరణ. పగటిపూట, కళాశాలకు నడిచి పోగల దూరంలో, ఒక అధ్యాపకురాలి తోడుతో చేయగల పనిని చూపితే ఈ తల్లిదండ్రులే పంపుతారు. పైన చెప్పిన అమ్మాయి తండ్రి మొదటి రెండు వారాలు వెంట వచ్చి వీధి చివర నిలబడ్డాడు. మూడవ వారం నుండి రాలేదు.

ఇక మేము కోరేది. శనివారం మధ్యాహ్నపు రెండు గంటలను కాలపట్టికలో సేవకు కేటాయించాలి. అది వేసవికి నెట్టవలసిన పని కాదు. 180 గంటలను సంవత్సరం పొడవునా పంచుకొనడానికి అధికారుల అనుమతి కోరుతూ కార్యవర్గం ఒక లేఖ వ్రాయాలి. వేసవిలో ఇంటి కోసం సంపాదించే పేద విద్యార్థికి అది పెద్ద ఉపశమనం. విద్యార్థులను వీధి వెంట వీధి త్రిప్పకుండ ఒక్కొక్క జట్టుకు నాలుగే ఇళ్ళు ఇచ్చి, మూడు సంవత్సరాలూ ఆ ఇళ్ళే ఉంచాలి. నివేదిక నలభై పుటలు ఉండాలన్న పట్టుదల మానుకొందాము. రెండు పుటలు చాలు, కాని అవి విద్యార్థి స్వహస్తంతో, తాను చూచిన మనిషిని గురించి, తనకు వచ్చిన భాషలో - తెలుగైనా, ఉర్దూ అయినా - వ్రాసినవై ఉండాలి. లాగ్ పుస్తకంలో అధ్యాపకుడు సంతకం చేసే ముందు నెలకొకమారైనా ఆ ఇంటి గడప తొక్కాలి. ఇది మా సహాధ్యాపకులకు రుచించదని తెలుసు. మాకున్న పనులు తక్కువేమీ కావు. అయినను చూడని పనికి సంతకం చేస్తూ, చేయని పనికి నివేదిక వ్రాయవద్దని విద్యార్థికి చెప్పే నైతిక బలం మనకెక్కడిది?

ఈ సంచికలోనే మరొక మార్పు చేయవచ్చును. ప్రతి సంవత్సరం సేవా కార్యక్రమాల ఫొటోలకు నాలుగు పుటలు ఇస్తున్నాము. వచ్చే సంవత్సరం ఒక పుట ఫొటోలకు ఉంచి, మూడు పుటలలో విద్యార్థుల ఆ రెండేసి పుటల నివేదికలలో మంచివి తెలుగులోను, ఉర్దూలోను అచ్చు వేయాలని సంపాదకవర్గానికి మనవి చేస్తున్నాము. ఆసుపత్రి పని కోసం తెలుగు శాఖ నుండి ఎనిమిది మంది, ఉర్దూ శాఖ నుండి ఎనిమిది మంది ఇప్పటికే పేర్లు ఇచ్చారు. వారిలో ఐదుగురు సర్టిఫికెట్టు ఇస్తారా అని అడిగారు, ఇవ్వమని చెప్పాము. అందులో ముగ్గురు పేర్లు ఉపసంహరించుకొన్నారు, ఇద్దరు ఉన్నారు. పదముగ్గురితో మొదలు పెట్టవచ్చును. అనుమతి కోరే లేఖ మీద కార్యవర్గ కార్యదర్శి గారి సంతకం కావలసి ఉన్నది.